ఈబే కడుతుందిలే అని ఊరుకోకు

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు డాలస్‌లో పోకెమాన్ కార్డులు, పాత నాణేలు కొని అమ్ముతున్నావట. "అన్నయ్యా, వాడికి ట్యాక్స్ సంగతులు ఏమీ తెలియవు, నువ్వే కాస్త చెప్పు" అని మీ అమ్మ ఫోన్ చేసింది. పన్నెండేళ్లుగా హ్యూస్టన్‌లో నేను చేస్తున్నదీ ఇదే కాబట్టి, చేతులు కాల్చుకున్నవి కూడా కలిపి రాస్తున్నా.

ముందు టెన్షన్ తగ్గే మాట. ఆన్‌లైన్ సంత ఈబేలో అమ్మితే సేల్స్ ట్యాక్స్, అంటే ధర మీద రాష్ట్రం వేసే అమ్మకం పన్ను, కొన్నవాడి దగ్గర ఈబేనే వసూలు చేసి వాడి రాష్ట్రానికి కట్టేస్తుంది. సేల్స్ ట్యాక్స్ ఉన్న రాష్ట్రాలన్నిట్లో ఇదే పద్ధతి, ఆఖర్న 2023 జనవరిలో మిస్సోరీ కూడా చేరింది. అక్కడితో మన పని అయిపోయిందనుకుంటాం చూడు, దెబ్బ అక్కడే. కార్డ్ షోలో టేబుల్ వేసి అమ్మినవి, ఇన్‌స్టాగ్రామ్‌లో బేరమాడి జెల్ (బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే యాప్)లో డబ్బు వేయించుకున్నవి, సొంత వెబ్‌సైట్‌లో అమ్ముడుపోయినవి, వీటన్నిటికీ వసూలు చేయాల్సింది నువ్వే. నా మొదటి షోలో శని, ఆదివారాలు నోట్లు లెక్కపెట్టుకుంటూ మురిసిపోయానే తప్ప ట్యాక్స్ ధ్యాసే లేదు. తర్వాత ఆ 8.25 శాతం, అంటే రాష్ట్రానిది 6.25, ఊరిది 2, నా జేబులోంచే కట్టా. కొన్నవాడు కార్డు పట్టుకుని వెళ్లిపోయాక ఎవర్ని అడుగుతాం?

ఐదు లక్షల డాలర్లు దాటితేనే టెక్సస్‌లో కట్టాలని నీ స్నేహితులెవరైనా అంటే నమ్మకు. ఆ లిమిట్ బయటి రాష్ట్రాల వాళ్లకి. నీ ఇల్లే టెక్సస్‌లో ఉంటే అది నీకు వర్తించదు. 2018లో వేఫెయిర్ అనే ఆన్‌లైన్ ఫర్నిచర్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, వేరే రాష్ట్రంలో మనకి షాపు లేకపోయినా అమ్మకాలు ఒక అంకె దాటితే అక్కడా రిజిస్టర్ అవ్వాలి. సౌత్ డకోటాలో అది లక్ష డాలర్లు. నీకు అంత దూరం ఇప్పట్లో లేదుగానీ, ఓక్లహోమాలో షోకి వెళ్లి టేబుల్ వేశావనుకో, మనిషివి అక్కడే ఉన్నావు కదా, ఆ రాష్ట్రం పర్మిట్ సంగతి షో నడిపేవాళ్లని ముందే అడుగు.

వ్యాపారం లేనివాడు చిన్నప్పటి సొంత కలెక్షన్ అమ్ముకుంటే వేరు. సేల్స్ ట్యాక్స్ పర్మిట్ లేనివాడు, దాని అవసరమూ లేనివాడు, వాడుకోవడానికి కొన్న సొంత వస్తువులు ఏడాదికి 3,000 డాలర్ల దాకా అమ్మినా టెక్సస్ ట్యాక్స్ అడగదు. నీలా అమ్మడానికే సరుకు కొనేవాడు ఆ సాకు చెప్పకూడదు. నాణేలకి ఇక్కడ 2013 అక్టోబర్ నుంచి అసలు ట్యాక్సే లేదు, కార్డులకి ఉంది, అందుకని రెంటికీ లెక్క విడివిడిగా రాసుకో. ఇదే నాణెం కాలిఫోర్నియాలో అమ్మితే ఒక్కసారి అమ్మకం 2,000 డాలర్లు ఉంటేనే మినహాయింపు, ఏం చేస్తాం, ఎవరి రాష్ట్రం వాళ్లది!

సేల్స్ ట్యాక్స్ పర్మిట్ తీసుకో, టెక్సస్‌లో ఫీజు లేదు. అది చేతిలో ఉంటే డీలర్ దగ్గర సరుకు కొనేటప్పుడు రీసేల్ సర్టిఫికెట్, అంటే తిరిగి అమ్మడానికే కొంటున్నానని రాసిచ్చే కాగితం, ఇచ్చి ట్యాక్స్ లేకుండా కొనొచ్చు. కాకపోతే అలా కొన్న కార్డు మీద మనసుపడి అల్మారాలో దాచుకున్నావంటే దాని ట్యాక్స్ నువ్వే కట్టాలి. నాకు ఈ జబ్బు ఎక్కువ. ఇంకోటి, పర్మిట్ ఉన్నాక అమ్మకాలు సున్నా అయినా రిటర్న్ (రాష్ట్రానికి ఇచ్చే అమ్మకాల లెక్క) వేయాల్సిందే. ఏమీ అమ్మలేదు కదా అని నేను ఒకసారి ఊరుకుంటే ఆలస్యానికి 50 డాలర్లు పడింది. ఈబే అమ్మకాలు మొత్తం అమ్మకాల్లో చూపించు, ట్యాక్స్ పడే అమ్మకాల్లో మాత్రం కలపకు. కాగితాలు నాలుగేళ్లు ఉంచు. నీకు వచ్చిన డబ్బు లెక్క చూపిస్తూ ఈబే లాంటి వాళ్లు పంపే 1099-కె అనే ఫారం ఒకటొస్తుంది, అది ఇన్‌కమ్ ట్యాక్స్ గొడవ, దీనికీ దానికీ ముడిపెట్టకు.

నీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి సరే. నీ రూమ్మేట్ కూడా మొదలెడతానన్నాడట, వాడు హెచ్-1బి మీద ఉంటే సేల్స్ ట్యాక్స్ కంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగమను.

ఫారం నింపుతూ ఎక్కడైనా ఆగిపోతే రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్, అంతకుముందు ప్యాకింగ్‌లో ఉంటా. 1921 మోర్గాన్ డాలర్, అదే ఆ పాత వెండి నాణెం, మంచిది దొరికితే లిస్టింగ్ పెట్టకముందే నాకు చెప్పు.

మీ మామయ్య