ఒంటారియోలో సంస్థలు కలిపేస్తున్నారట, అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీజెడ్‌సీ ఫైనలియర్. కెనడాలోని ఒంటారియోలో ఎన్విరాన్‌మెంటల్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా, ఏడాది కోర్సు చేస్తానంటోంది. అక్కడ నదులు, వరదల సంగతి చూసే 36 కన్జర్వేషన్ అథారిటీలను కలిపి ఏడు చేయాలని 2025లో ప్రతిపాదించారట. ఉద్యోగాలుంటాయా? ఇక్కడే ఎమ్మెస్సీ మేలా? మా అక్క కొడుకు ఐటీలో బాగా సంపాదిస్తున్నాడు.
- ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందు కంగారు తగ్గించుకోండి. బోర్డులు తగ్గినంత మాత్రాన పని తగ్గదు. ఆ అథారిటీలు 1946 చట్టంతో నదీ పరీవాహక ప్రాంతాల వారీగా ఏర్పడ్డాయి. 1954లో హరికేన్ హేజెల్ తుపాను అక్కడ 81 మందిని పొట్టన పెట్టుకున్నాక ముంపు భూముల్లో కట్టడాలను అదుపు చేసే బాధ్యతా వాటి మీదే పడింది. 2025 అక్టోబరులో వచ్చిన కుదింపు ప్రతిపాదన ఎలా అమలైనా వరద అంచనా వేసేవాళ్లు, అనుమతులు పరిశీలించేవాళ్లు కావాల్సిందే. విలీనాల్లో ముందు పోయేవి రెండేసి ఉన్న కుర్చీలు: అకౌంట్స్, హెచ్ఆర్, పై మేనేజర్లు.

దెబ్బ తగిలేది కొత్తవాళ్లకు. లెక్క తేలేదాకా ఖాళీలు నింపరు, వేసవి పోస్టులు, కాంట్రాక్టు పోస్టులు ఆపేస్తారు. బయటి దేశం విద్యార్థికి మొదట దొరికేవి అవే. ఏడాది కోర్సుకు వర్క్ పర్మిట్ కూడా ఏడాదే. నియామకాలు ఆగిన ఏడాదే అదైతే అంతా వృథా.

ఈ డిప్లొమాల మీద నాకు నమ్మకం లేదు. మన మూడేళ్ల డిగ్రీకి అక్కడి చాలా యూనివర్సిటీలు మాస్టర్స్ సీటివ్వవు కాబట్టి కన్సల్టెన్సీలు వీటివైపు తోస్తాయి. సిలబస్ తెరిచి చూడండి. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసే పని) ల్యాబ్, హైడ్రాలజీ (నీటి శాస్త్రం), స్టాటిస్టిక్స్, ఫీల్డ్ వర్క్ లేకుండా పాలసీ, ప్రజెంటేషన్లే ఉంటే ఫీజు కట్టొద్దు. పైగా 2024 నవంబరు నుంచి కాలేజీ డిప్లొమాకు వర్క్ పర్మిట్ రావాలంటే కోర్సు సీఐపీ కోడ్ (కోర్సు ఏ రంగానిదో చెప్పే అంకె) అక్కడి ప్రభుత్వ జాబితాలో ఉండాలి. ఆ ఆరంకెల కోడ్‌ను కాలేజీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఏజెంటు నోటిమాట చాలదు. మాస్టర్స్‌కు ఈ జాబితా గొడవ లేదు, పర్మిట్ కూడా మూడేళ్లు.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. అక్క కొడుకు సంపాదన రాశారు గానీ, మీ అమ్మాయికి ఎండలో చెరువు గట్టున నీటి నమూనాలు తీయడం ఇష్టమో, కంప్యూటర్ ముందు మ్యాపులు గీయడం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టేముందు అడగాల్సింది అది.

విలీనాలు ఇక్కడా ఉన్నాయి. కోయంబత్తూరులోని పక్షి పరిశోధన సంస్థ సాకాన్ 2023లో డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో కలిసింది. అంతమాత్రాన పక్షుల మీద పరిశోధన ఆగలేదు.

నా సలహా ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. ఈ రెండేళ్లలో మ్యాపులు గీసే క్యూజీఐఎస్, గణాంకాలు లెక్కేసే ఆర్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోమనండి, రెండూ ఉచితమే. బాలానగర్ ఎన్ఆర్ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి భువన్ పోర్టల్‌లో నేల ఎత్తుల డేటా దొరుకుతుంది. దానితో ఉస్మాన్‌సాగర్ పరీవాహకాన్ని తనే గీయాలి. డేటాలోని గుంతలు పూడ్చకుండా ప్రవాహ దిశ లెక్కేస్తే వాగు మధ్యలో తెగిపోతుంది, మొదటిసారి చేసేవాళ్లంతా అక్కడే చిక్కుకుంటారు. అది సరిచేసి, గీసిన వాగును నేల మీదికెళ్లి పోల్చి చూసిందంటే ఇంటర్వ్యూలో చూపించడానికి సొంత పని ఒకటి ఉన్నట్టే. ఐదేళ్ల చదువు పూర్తవుతుంది కాబట్టి అప్పటికీ కెనడా వెళ్లాలనిపిస్తే నేరుగా మాస్టర్స్‌కే దరఖాస్తు చేయొచ్చు.