పాలసీ డైరీలో ఉంది, ఫిర్యాదు మీ చేతిలో ఉండాలి

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో సీబీఎస్‌ఈ స్కూల్లో ఏడో తరగతి. మూడు నెలలుగా ముగ్గురు పిల్లలు రంగు గురించి వెక్కిరిస్తున్నారు, వ్యాన్‌లో కొడుతున్నారు. ప్రిన్సిపల్‌ని అడిగితే 'పిల్లలన్నాక మామూలే' అన్నారు. డైరీలో మాత్రం యాంటీ బుల్లీయింగ్ పాలసీ అచ్చువేశారు. ఆ ముగ్గురికీ టీసీ ఇప్పించగలమా?

జవాబు: ఇప్పించలేరమ్మా. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదు. మీ బాబుకూ అదే రక్ష. 'మీవాడి టీసీ పట్టుకెళ్లండి' అని బెదిరిస్తే లొంగకండి.

మీకు అక్కరకొచ్చేది 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం. తెలంగాణలోనూ అమల్లో ఉంది. ర్యాగింగ్ అంటే కాలేజీ గొడవే అనుకుంటారు గానీ, ఈ చట్టంలో 'విద్యాసంస్థ' అంటే చదువు చెప్పే ఏ సంస్థయినా, దాని హాస్టలయినా. ఫిర్యాదు అందగానే ప్రిన్సిపల్ విచారించాలి, ప్రాథమికంగా నిజమనిపిస్తే సస్పెండ్ చేయాలి. ఊరుకుంటే ఆ నేరానికి ప్రిన్సిపలే తోడ్పడినట్టు చట్టం భావిస్తుంది.

చాలా కేసులు ఫిర్యాదు దగ్గరే చెడిపోతాయి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తారు, తర్వాత స్కూలు 'మాకెవరూ చెప్పలేదు' అంటుంది. తేదీ, చోటు, అన్న మాటలు ఉన్నవున్నట్టు, చూసిన పిల్లలెవరు, ఇవన్నీ రాయండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే ఈమెయిల్‌తో పాటు స్పీడ్‌ పోస్టులో పంపండి. వ్యాన్‌లో సీసీ కెమెరా ఉంటే రికార్డింగు దాచమని అందులోనే అడగండి, కొద్ది వారాలకే దానిమీద కొత్తది పడిపోతుంది. దెబ్బలుంటే ఆరోజే డాక్టరుకు చూపించి చీటీ ఉంచుకోండి. యాంటీ బుల్లీయింగ్ కమిటీ వేయమని సీబీఎస్‌ఈ 2015లోనే చెప్పింది, అందులో ఎవరున్నారో కూడా అడగండి. ఆ పిల్లల ఎదుట మీవాణ్ణి నిలబెట్టి, వాళ్లచేత 'సారీ' చెప్పించి ముగిస్తామంటే ఒప్పుకోవద్దు. ఇలాంటి రాజీ తర్వాత వేధింపు చాటుగా సాగుతుంది.

వారంలో కదలిక లేకపోతే జిల్లా విద్యాధికారి (డీఈవో)కి, సీబీఎస్‌ఈ ప్రాంతీయ కార్యాలయానికి, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అదే కాపీ పంపండి. బాధ్యత ఉన్నవాళ్లు తెలిసీ పిల్లల్ని గాలికొదిలేస్తే బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ పడొచ్చు.

ఆ ముగ్గురి పేర్లు మాత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. విచారణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం అదే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. వాళ్లూ పిల్లలే. మామూలు దెబ్బల కేసుల్లో పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టరు, స్టేషన్ డైరీలో రాసి, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు.

ఒకవేళ బట్టలు లాగడం, ఒంటి మీద అసభ్యంగా చేతులు వేయడం లాంటివి జరిగితే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కిందికి వస్తుంది. పోలీసులకు చెప్పడం స్కూలుకూ తప్పనిసరి. అప్పుడు వాళ్ల అంతర్గత విచారణ కోసం ఒక్కరోజు కూడా ఆగకండి. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.