బొమ్మ ఫ్రీనే, మరి ఫ్రేమ్ సంగతి?

ప్రశ్న: మేడమ్, కొత్త ఇంట్లోకి వచ్చి ఆరు నెలలైంది, హాల్లో గోడలు ఇంకా బోసిగానే ఉన్నాయి. నెట్‌లో ఫ్రీగా దొరికే బొమ్మలు ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించుకోవచ్చంటే, ఫ్రెండ్ ఫోన్‌కి పంపిన జపాన్ అల బొమ్మని ఏ3 సైజులో వేయించాను. ఫోన్లో అంత బాగున్నది కాగితం మీద మసకగా, గళ్ళు గళ్ళుగా వచ్చింది. ప్రింటర్ మార్చి చూడనా?

జవాబు: ప్రింటర్‌ని ఏమీ అనకండి, తేడా అంతా ఫైల్‌లోనే ఉంది. నలుగురి ఫోన్లు తిరిగొచ్చిన ఫొటో దారిలోనే చిక్కిపోతుంది, స్క్రీన్ చిన్నది కాబట్టి మన కంటికి ఆనదు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ4 కాగితానికి 2480 × 3508 పిక్సెళ్ళు కావాలి, ఏ3కైతే 3508 × 4961. కాస్త దూరం నుంచి చూసే బొమ్మకి అందులో సగం కొలతలున్నా సర్దుకుపోవచ్చు, ఇంకా తగ్గితే మాత్రం మీకు వచ్చినట్టే వస్తుంది. ప్రింట్‌కి ఇచ్చేముందు ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి ఈ అంకెలు చూసుకోండి, అర నిమిషం పని.

మీరు చెప్పేది జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అలే అయుంటుంది, 1831 ప్రాంతంలో చెక్క అచ్చులతో ముద్రించింది. దాన్ని ఫ్రెండ్ ఫోన్లోంచి తీసుకోవాల్సిన అవసరమే లేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018లో కాపీరైట్ తీరిపోయిన తమ చిత్రాలని పెద్ద ఫైళ్ళుగా ఎవరైనా తీసుకోవచ్చని వదిలేశాయి, ఈ అల రెండుచోట్లా ఉంది. అసలు ముద్రే సుమారు 26 × 38 సెంటీమీటర్లు, ఏ3 కన్నా కాస్త చిన్నది. అంటే ఏ3 కాగితం మీద చుట్టూ రెండు సెంటీమీటర్లు తెల్లగా వదిలి వేయిస్తే మ్యూజియంలో ఉన్నంత సైజే మీ గోడ మీదా ఉంటుంది, నాకైతే ఈ సంగతి తెలిసిన రోజు భలే సరదా వేసింది. పక్షులిష్టమైతే అమెరికా చిత్రకారుడు ఆడుబాన్ వేసిన 435 పెద్ద బొమ్మలున్నాయి, సముద్రపు జీవులు కావాలంటే 1904లో పూర్తయిన జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ నూరు అచ్చు బొమ్మలున్నాయి. వెతికేటప్పుడు ‘పబ్లిక్ డొమైన్’ (కాపీరైట్ లేనిది) అనో ‘సీసీ0’ (హక్కులన్నీ వదిలేసుకున్నది) అనో రాసుందా చూడండి.

ఇంకోటి, స్క్రీన్‌కి వెనక లైటుంటుంది, కాగితానికి ఉండదు, కాబట్టి ముదురు రంగులు ఇంకా ముదిరిపోతాయి. నేను మొదట వేయించింది ఒక రాత్రి దృశ్యం. స్క్రీన్ మీద చంద్రుడు, పడవ, ఒడ్డున చెట్లు అన్నీ కనిపించాయి, కాగితం మీద చంద్రుడొక్కడే మిగిలాడు. అప్పట్నుంచి ముందు చిన్న ముక్క ప్రింట్ తీసి, చీకటిగా ఉంటే ఫోన్లోనే ఆ బొమ్మని ఎడిట్ చేసి దాని బ్రైట్‌నెస్ పెంచి, ఆ తర్వాతే పెద్దది వేయిస్తున్నాను. కాగితం మాత్రం ఆఫీసు పనికి వాడే 80 జీఎస్ఎమ్‌ది (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువున్నది) వద్దు, అద్దం వెనక అలలు తేలుతుంది. 200 జీఎస్ఎమ్ మ్యాట్, అంటే మెరుపు లేని కాగితం, అడగండి.

అసలు ఖర్చు ఫ్రేమ్ దగ్గరే. అందుకే నేను తిరగేసి చెబుతాను: ముందు ఫ్రేమ్ సంపాదించండి, బొమ్మ తర్వాత. అటక మీద పాత పటాలుంటే దించి, దుమ్ము దులిపి, అన్నిటికీ ఒకే రంగు వేస్తే సెట్టులా కనిపిస్తాయి. ఫ్రేమ్ పెద్దదై బొమ్మ చిన్నదైతే మధ్యలో తెల్లటి మౌంట్ అట్ట పెట్టించండి, అంతేగానీ బొమ్మని మాత్రం సాగదీయకండి, మనుషుల ముఖాలు గుమ్మడికాయల్లా తయారవుతాయి.

ప్రశ్న: మాది అద్దె ఇల్లు, మేకులు కొట్టొద్దన్నారు. చిన్న ఫ్రేములు తొమ్మిది పెట్టి గోడంతా నింపాలని నా ఆశ. కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది గానీ, తొమ్మిది ఎందుకండీ? తొమ్మిది ఫ్రేముల డబ్బుతో ఒక్క పెద్దది, దాని పక్కన రెండు చిన్నవి పెట్టుకుంటే గది ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. అతికించే స్ట్రిప్పులు వాడొచ్చు, ప్యాకెట్ మీద రాసిన బరువు దాటకుండా, గాజు బదులు యాక్రిలిక్ షీటుతో. చేత్తో రుద్దితే తెల్లగా పొడి అంటుకునే గోడైతే అవి పట్టవు, రాత్రి దభీమని పడతాయి, అప్పుడు టేబుల్ మీదో షెల్ఫ్ మీదో గోడకి ఆనించి నిలబెట్టడమే మేలు. ముందు పాత పేపర్లని ఫ్రేముల సైజుకి కత్తిరించి టేపుతో అంటించి రెండు రోజులు చూడండి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కంటికి సరిగ్గా అందుతుంది. చాలామంది మరీ పైకి పెట్టేసి మెడ నొప్పి తెచ్చుకుంటారు.

ప్రశ్న: ఫ్రీగా డౌన్‌లోడ్ చేసిన బొమ్మల్ని ప్రింట్ చేసి అమ్ముకోవచ్చా?

జవాబు: సీసీ0 అని ఉంటే అమ్ముకోవచ్చు. ఇప్పటి ఆర్టిస్టులు ఉచితంగా ఇచ్చేవాటి కింద మాత్రం చాలాసార్లు ‘సొంత వాడకానికే’ అని రాసుంటుంది, అలాంటివి మీ ఇంటి గోడ వరకే.

ప్రశ్న: కిటికీ ఎదురుగా పెట్టిన ప్రింట్ ఏడాదిలో వెలిసిపోయింది. ఏం చేయాలి?

జవాబు: ఇళ్ళలో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటిది డై ఇంకు, అంటే రంగు నీళ్ళలో కరిగి ఉండేది, అది ఎండకి ఆగదు. రంగు సన్నని పొడిగా కలిసి ఉండే పిగ్మెంట్ ఇంకుతో వేయిస్తే ఎక్కువకాలం వస్తుంది, ఎండ పడని గోడకి మారిస్తే ఇంకా మంచిది. ఆ గోడే కావాలంటే ఫైల్ దాచుకోండి, వెలిసినప్పుడల్లా ఇంకోటి వేయించుకోవచ్చు.