ఎమర్జెన్సీలో నర్స్ ప్రాక్టీషనర్ అవ్వాలంటే కోర్సు ఒక్కటే సరిపోదు

నీ ప్రశ్న చదివాను తల్లీ. బీఎస్సీ నర్సింగ్ అయ్యి ఎమర్జెన్సీలో ఏడాదిన్నరగా చేస్తున్నావు, నర్స్ ప్రాక్టీషనర్ చదివితే అక్కడే సొంతంగా పేషెంట్లని చూడొచ్చా అని అడిగావు. చూడొచ్చు, కాకపోతే డిగ్రీ చేతికొచ్చిన రోజే రెడీ అయిపోతాం అనుకోకు.

నర్సే పేషెంట్‌ని పరీక్షించి, వైద్యం చేసే ఈ పని 1965లో అమెరికాలో కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టర్ కలిసి మొదలుపెట్టారు, అదీ పిల్లల వైద్యం కోసం. ఇప్పటికీ ఫ్యామిలీ కోర్సుల్లో, అంటే అన్ని వయసులవాళ్లనీ చూడటం నేర్పే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుల్లో, బీపీ, షుగర్ లాంటివి బాగా చెప్తారు గానీ కుట్లు, కట్లు దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల పైపైనే తేల్చేస్తారు.

వేలు తెగి ఒకాయన వచ్చాడనుకో. ఇప్పుడైతే నువ్వు ట్రే సర్ది ఇస్తావు, రేపు కుట్టేది నువ్వే, అప్పుడు మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే వేలి చివర స్పర్శ చూడాలి, ఇచ్చాక చూస్తే నరం తెగిందో మందుకి మొద్దుబారిందో ఎవరు చెప్తారు? టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది, సగం తెగినా వేలు కదులుతుంది, అందుకే వేలు మొత్తం మడిపించి చాపించి గాయం లోపలికి చూడాలి, గాజు గుచ్చుకుంటే ఎక్స్‌రే కూడా. అలాగే చెయ్యి ఆనించి పడ్డవాళ్లకి బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో నొక్కితే నొప్పి ఉండి ఎక్స్‌రే నార్మల్ వచ్చినా ఊరికే పంపకూడదు, స్కాఫాయిడ్ అనే మణికట్టు చిన్న ఎముక విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, కట్టు వేసి 10-14 రోజులకి మళ్లీ చూడాలి. ఇంటికి వెళ్లొచ్చు అని సంతకం పెట్టడమే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం, నాకు తెలిసి దీనికి ట్రైనింగ్ తక్కువ ఇస్తున్నారు.

కోర్సు సంగతికొస్తే, ఎమర్జెన్సీకి పసిపిల్లలూ వస్తారు ముసలివాళ్లూ వస్తారు కాబట్టి అన్ని వయసులూ కవర్ అయ్యేదే తీసుకో, పెద్దవాళ్లకే పరిమితమైనది వద్దు. అమెరికాలో ఫ్యామిలీ సర్టిఫికేషన్ ఉన్నవాళ్లకి ఎమర్జెన్సీ సర్టిఫికేషన్ పరీక్ష విడిగా 2017 నుంచి ఉంది. నువ్వు పనిచేయాలనుకున్న చోట మందులు రాసే హక్కు నర్సుకి ఎంతవరకు ఉందో ఫీజు కట్టకముందే కనుక్కో. సీనియర్ పక్కనుండగా పేషెంట్లని చూసేది ఎన్ని గంటలు, అందులో ఎమర్జెన్సీలో ఎన్ని అని కాలేజీని సూటిగా అడుగు, నీళ్లు నమిలితే వేరేది చూసుకో.

ఈలోపు గుండె ఆగిపోవడంలాంటి ప్రాణాపాయంలో పెద్దవాళ్లని కాపాడటం నేర్పే ఏసీఎల్ఎస్, పిల్లల కోసం ఉండే పాల్స్ ట్రైనింగ్‌లు పూర్తి చేసి, వచ్చినవాళ్లలో ఎవర్ని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ డ్యూటీ అడిగి వేయించుకో. ఛాతీనొప్పి అంటే 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలని నీకు తెలుసు, తీశాక డాక్టర్ చదవకముందే నీకేం అనిపించిందో చిన్న నోట్‌బుక్‌లో రాసుకో, తర్వాత ఆయన ఏమన్నారో పక్కనే రాయి. ఆర్నెల్లయ్యాక అందులో ఎన్ని కలిశాయో చూసుకుని నాకు మళ్లీ రాయి, అప్పుడు కాలేజీల గురించి కూర్చుని మాట్లాడదాం.