ఇంట్లో గ్యారేజీ కోసం బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. విజయవాడ కానూరులో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి వచ్చే జీతం 48,000. ఇంటి లోన్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 34,000. బ్యాంకులో 90,000 ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన 3 లక్షల హెల్త్ పాలసీ, సొంతంగా ఒక టర్మ్ పాలసీ ఉన్నాయి. పెరట్లోని 9 అడుగుల ఎత్తున్న రేకుల షెడ్డులో ఆదివారాలు తెలిసినవాళ్ల కార్లు రిపేరు చేయాలని ఉంది. కారును పైకి లేపే రెండు స్తంభాల టూ పోస్ట్ లిఫ్ట్ 1.35 లక్షలు, కంప్రెసర్ 28,000, టూల్ ట్రాలీ, పానాల సెట్లు 47,000, ర్యాకులు, గచ్చు 40,000. మొత్తం 2.5 లక్షలు. మా ఆవిడ బంగారం మీద 1.5 లక్షలు, మిగతా లక్ష క్రెడిట్ కార్డు ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నా. లిఫ్ట్‌కు 10,000 అడ్వాన్స్ ఇచ్చేశా. గోల్డ్ లోన్ మేలా, కార్డు మేలా?

జవాబు: రెండూ వద్దు. ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తాయి. ఒకరికి కెమెరా కావాలి, ఒకరికి కుట్టుమిషన్లు, మీకు లిఫ్ట్. అందరూ వడ్డీ ఎక్కడ తక్కువో అడుగుతారు. నాలుగు నెలలు జీతం రాకపోతే ఇల్లెలా గడుస్తుందో మాత్రం ఎవరూ అడగరు.

మీ ఖర్చుకు ఆరు నెలల అత్యవసర నిధి అంటే 2.04 లక్షలు. ఉన్నది అందులో సగం కూడా కాదు. ఇక అప్పు సంగతి. కార్డు మీద లక్షకు 15 శాతం వడ్డీతో 12 నెలలు పెట్టుకుంటే ఈఎంఐ 9,000 పైనే. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ అదనం. ఇప్పుడు నెలకు మిగులుతున్న 14,000లో 5,000 కూడా మిగలదు. బంగారానికి 10 శాతమే వేసుకున్నా, చివర్లో ఒకేసారి తీర్చే పద్ధతిలో తీసుకుంటే ఏడాది తిరిగేసరికి 1.65 లక్షలు కట్టాలి. ఆదివారం సంపాదనతోనా? వేలం నోటీసు వచ్చాక పరుగెత్తేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

అసలు ఆ లిఫ్ట్ మీ షెడ్డులో పట్టదు కదా! స్విఫ్ట్ కారు ఎత్తే దాదాపు 5 అడుగులు. కింద నిలబడి పనిచేయాలంటే దాన్ని 6 అడుగులు లేపాలి. మీ రేకులు 9 అడుగుల దగ్గరే ఉన్నాయి. అమ్మేవాడు ఈ మాట చెప్పడు.

నెలకు 10,000 నిధిలో వేయండి, ఏడాదిలో నిండుతుంది. స్వీప్ ఎఫ్‌డీ చాలు, అంటే పొదుపు ఖాతాలో ఎక్కువైన డబ్బు దానంతటదే ఎఫ్‌డీలోకి వెళ్లే ఏర్పాటు. మిగతా 4,000తో ఒక్కొక్కటే రొక్కం పెట్టి కొనుక్కోండి. ముందు ట్రాలీ జాకీ, దాంతోపాటే లేపిన బండిని మోసే రెండు స్టాండ్లు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కింద దూరకండి. టూల్ ట్రాలీ బదులు ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇనుప ర్యాకు చూసుకుని, బరువైన సామాను కింది అరలో పెట్టుకోండి. కంప్రెసర్‌కు తొందరేం లేదు.

వీటన్నిటికంటే ముందు ప్రమాద బీమా తీసుకోండి. గ్రైండర్‌కు చెయ్యి తగిలితే హెల్త్ పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుంది. రెండు నెలలు పనికి వెళ్లలేకపోతే ఆ జీతం ఎవరిస్తారు? పనిచేయలేని వారాలకు డబ్బిచ్చే కవర్ ఉన్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. మెకానిక్ పని కూడా చేస్తానని ఫారంలో రాయండి, దాస్తే క్లెయిమ్ దగ్గర టెన్షన్ తప్పదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఎలాగూ ఉండాలి, కానీ అది ఇచ్చే 2 లక్షలు మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికే. వేలు విరిగి ఇంట్లో కూర్చుంటే ఏమీ రాదు. కంపెనీ హెల్త్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి ఉండాలి. వ్యక్తిగత పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఈ ప్రీమియాల కోసం రెండు మూడు నెలలు పనిముట్లు ఆగినా పర్వాలేదు. ఇంటికి బీమా ఉంటే షెడ్డులో డబ్బు తీసుకుని రిపేర్లు చేస్తున్న సంగతి ఆ కంపెనీకి చెప్పండి.

పని నిలదొక్కుకుని లెక్కలు చూపించగలిగిన రోజున చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్ గురించి ఆలోచించవచ్చు.

లిఫ్ట్ అడ్వాన్స్ రసీదు మీద వాపసు షరతు ఉందేమో చూడండి. లేకపోయినా వెళ్లి అడగండి, కొంత కోసుకుని ఇచ్చినా తీసుకోండి. అసలు ఇవ్వనంటే ఆ పదివేలు వదిలేయండి గానీ, దానికోసం ఇంకో 1.25 లక్షలు కట్టకండి.