మల్లెలు విచ్చే వేళకి ఏ రంగు చీర?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పెళ్లి రంగుల గురించే. ముప్పై ఏళ్లు కాకినాడలో పెళ్లి బ్లౌజులు కుట్టాను, పెళ్లికూతుళ్లని ముస్తాబు చేశాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి పెళ్లి వైశాఖంలో. రాత్రి 1.40కి ముహూర్తం. మా కొబ్బరితోటలోనే పందిరి వేస్తున్నాం. పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అంతా మింట్ గ్రీన్, పీచ్ రంగుల్లోనే ఉండాలంటుంది, ఫోన్లో బోలెడన్ని ఫొటోలు దాచుకుంది. మా అత్తగారేమో ‘పెళ్లంటే ఎరుపూ పసుపూ కదే, ఈ వెలిసిపోయిన రంగులేమిటి’ అంటున్నారు. ఇద్దరి మధ్యా నాకు నిద్ర పట్టడం లేదు. డెకరేషన్ వాళ్లకి వారంలో ఏ సంగతీ చెప్పాలి.
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: ముందు ఆ టెన్షన్ కాస్త పక్కన పెట్టండమ్మా. మీ అమ్మాయి అడిగినవి మనకి కొత్త రంగులేం కాదు. మన చీరల కొట్లలో ఉల్లిపొర రంగు, గంధం రంగు, వెన్న రంగు, లేత తమలపాకు పచ్చ అని మన అమ్మల కాలం నుంచీ అంటూనే ఉన్నారు. పీచ్ అంటే కనకాంబరానికి నాలుగు చుక్కలు పాలు కలిపినట్టుండే రంగు. మీ అత్తగారిని కొట్టుకి తీసుకెళ్లి ‘ఉల్లిపొర రంగుకి మిరపపండు అంచున్న చీర చూపించండి’ అని ఆవిడ చేతే అడిగించండి. ఇంగ్లిషు పేరుతో అడిగితే వద్దన్న చీరనే ఇలా అడిగితే ఒళ్లోకి తీసుకుని చూసిన పెద్దవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఇక అసలు విషయం. మీ పెళ్లి రాత్రి ఒంటిగంట దాటాక. ఫోన్లో దాచుకున్న ఫొటోలు చాలామటుకు పగటి వెలుతురులో తీసినవై ఉంటాయి. మీ పందిట్లో వెలుతురంతా బల్బులదే. బల్బు డబ్బా మీద 3000 కె అని ఉంటే పసుపు వెలుగు, 6500 కె అని ఉంటే తెల్లటి ట్యూబ్‌లైట్ లాంటి వెలుగు. పసుపు వెలుగులో పీచ్, గంధం, ఉల్లిపొర రంగులు కళకళలాడతాయి, జరీ కూడా మెరుస్తుంది. మింట్ మాత్రం బూడిద రంగులోకి దిగిపోతుంది. తెల్ల వెలుగులో మింట్ నిలబడుతుంది గానీ పీచ్ పాలిపోతుంది, ఒంటి రంగు కూడా నీరసంగా కనిపిస్తుంది. అందుకని నా మాట వింటే పసుపు వెలుగే పెట్టించండి, పీచ్‌ని ముఖ్యమైన రంగుగా పెట్టుకోండి. పచ్చదనానికి మీ తోటే ఉంది. లేత కొబ్బరాకు అల్లికలు, అరటి బోదెలు, తమలపాకులు ఉండగా డబ్బులిచ్చి మింట్ గుడ్డ కట్టించడం దేనికి?

చీర కొనేముందు ఒక్క పని చేయండి. కొట్లో ట్యూబ్‌లైట్ కింద నచ్చిందని ఖాయం చేయొద్దు. వాకిట్లోకి తెచ్చి ఎండలో ఒకసారి చూడండి. డెకరేషన్ వాళ్లు మీ పందిట్లో పెట్టే బల్బే ఒకటి అడిగి తెచ్చుకుని, రాత్రిపూట దాని కింద ఇంకోసారి చూడండి. ముక్కుపొడుం రంగు, బచ్చలిపండు రంగు, వంకాయ రంగు రాత్రి లైట్లలో నల్లగా పడిపోయి, ఫొటోలు చూసుకుని ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు.

పూల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వైశాఖం మల్లెల కాలం. పొద్దున కోసిన మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది, కాబట్టి మీ ముహూర్తానికి పూలజడ తెల్లగా, నిండుగా ఉంటుంది. అదే పగలు పది గంటల పెళ్లయితే ముందురోజు పూలు గోధుమ రంగుకి తిరిగి ఉండేవి. మల్లెల మధ్య కనకాంబరాలు గుచ్చిస్తే మీ అమ్మాయి అడిగిన పీచ్ అక్కడే వస్తుంది. చామంతి మాత్రం అడగకండి. పొద్దు తక్కువగా ఉండే చలికాలంలో పూసే పువ్వది. కార్తికం నుంచి మాఘం దాకా కడియపులంక పూల మార్కెట్లో కుప్పలుగా దొరుకుతుంది. మండు వేసవిలో దానికోసం పట్టుబడితే ఎక్కువ ధర పెట్టి వాడిపోయిన పూలు తెచ్చుకున్నట్టే.

రంగు వేసిన పూలు అసలే వద్దు. ఇది నా ఇంట్లో జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మా పెద్దమ్మాయి పెళ్లీ వైశాఖంలోనే. ఆకాశనీలం దండలు కావాలని ముచ్చటపడింది. పూలు తెచ్చినతను తెల్ల పూలకి నీలం రంగు పట్టించి తెచ్చాడు. ఎండకి వాడిపోకుండా గంటగంటకీ నీళ్లు చల్లారు. దండలు మార్చుకున్న కాసేపటికి పిల్ల భుజం దగ్గర, మధుపర్కం చీర మీద, సన్నటి నీలం గీత ఒకటి దిగింది. నేను పక్కనే ఉన్నాను. కొంగుతో అద్దాను. అద్దినకొద్దీ పాకింది. ఆ చీర ఇప్పటికీ నా బీరువాలో ఉంది, మరక కూడా అలాగే ఉంది. పువ్వుకి పుట్టుకతో ఏ రంగుంటే ఆ రంగే వాడండి.

మీ అత్తగారి ఎరుపూ పసుపూ ఎక్కడికీ పోవు. మధుపర్కానికి ఎర్రంచు ఉంది. కాళ్లకి పారాణి, నుదుట కల్యాణతిలకం, దోసిట్లో పసుపు తలంబ్రాలు ఉన్నాయి. వెనక తెరా చుట్టూ గుడ్డలూ లేత రంగులో ఉంటేనే ఆ ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్టేజీ కూడా ఎర్రగా ఉంటే పిల్ల అందులో కలిసిపోతుంది. ఆవిడకి ఈ మాటే చెప్పండి. పెళ్లికూతుర్ని చేసే రోజు చీర మాత్రం పూర్తిగా ఆవిడకే వదిలేయండి.

కోనసీమ ఉక్కపోత మీకు నేను చెప్పక్కర్లేదు. బూడిద రంగు, లావెండర్, లేత నీలం పట్టు బ్లౌజుల మీద చెమట తడి వెంటనే కనిపిస్తుంది. గంధం రంగు మీద అంత తెలియదు. లోపల నూలు లైనింగే వేయించండి, చంకల దగ్గర ప్యాడ్ కుట్టించండి. బరువైన పట్టు ముహూర్తానికి ఒక్కటి చాలు, మిగతా వేడుకలకి ఉప్పాడ జాందానీ గానీ, ఒళ్లంతా నూలు ఉండి అంచు పట్టుండే గద్వాల గానీ తీసుకోండి. పిల్ల తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది.

ఇంకొక్క మాట. మధుపర్కాలకి పసుపు అంటితే సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ. కంగారు పడకుండా బాగా జాడించి ఎండలో ఆరేయండి. నూలు బట్ట కాబట్టి ఎండకే పసుపు వెలిసిపోతుంది. పట్టుకి మాత్రం ఇది చేయకండి, డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి.

ప్రశ్న: మా అన్న పెళ్లి శ్రావణంలో, పగలు 11 గంటలకు, కరీంనగర్ దగ్గర మా ఊళ్లోనే. ఇంటి ముందర టెంటు. వదినకు క్రీమ్ కలర్ పట్టుచీర తీసుకుందామని అమ్మ అంటోంది. వాన పడితే ఎట్లా అని నా భయం.
– పెళ్లికొడుకు చెల్లెలు

జవాబు: నీ భయం నిజమే తల్లీ. మబ్బు పట్టిన పగలు లేత రంగులు చప్పగా కనిపిస్తాయి, క్రీమ్ అంచు మీద ఒక్క బురద చుక్క పడితే ఇక చూపంతా దాని మీదే ఉంటుంది. శ్రావణానికి రాణీ రంగు, నెమలికంఠం, మామిడిపండు పసుపు, చిలకపచ్చ లాంటి నిండు రంగులు బాగుంటాయి. మబ్బు వెలుతురులో ఇవి ఎండలో కన్నా చక్కగా వస్తాయి. పోచంపల్లి పట్టు చూడండి. ఆ ఇక్కత్ పనిలో చిన్న మరక పడినా కనపడదు. ముదురు ఎరుపు తీసుకుంటే తడి తెల్ల చేతిరుమాలుతో లోపలి కుచ్చిళ్ల అంచున ఒకసారి రుద్ది చూడు. రుమాలుకి రంగు అంటిందా, ఆ చీర వానకాలం పెళ్లికి వద్దు. అమ్మకి క్రీమ్ అంటే అంత ఇష్టమైతే రాత్రి రిసెప్షన్ హాల్లో కట్టించండి.

ప్రశ్న: న్యూజెర్సీలో అక్టోబర్ చివర్లో మా పెళ్లి. సాయంత్రం ఆరుబయటే చేస్తున్నాం. ఆకులు రాలే కాలం కదా అని నారింజ, ముదురు ఎరుపు, గోధుమ రంగులు అనుకున్నాం. నా చీర కూడా అవే రంగుల్లో ఉండాలా ఆంటీ?
– కాబోయే పెళ్లికూతురు

జవాబు: వద్దమ్మా. అప్పటికి అక్కడ చెట్లే ఎరుపూ నారింజా అయి ఉంటాయి. నువ్వూ అదే కడితే ఫొటోలో చెట్టుకీ నీకూ తేడా తెలియదు. ఆ రంగులు బంతిపూల దండలకీ, వచ్చినవాళ్ల బట్టలకీ వదిలేయి. నువ్వు నెమలికంఠానికి బంగారు జరీ అంచున్నది గానీ, ముదురు అరిటాకు పచ్చ గానీ కట్టు. ఆరింటికల్లా పొద్దు కుంకుతుంది కాబట్టి మీ ఇద్దరి ఫొటోలు నాలుగింటికే మొదలుపెట్టించు. చలికి అందరూ ఎవరి స్వెటర్ వాళ్లు తొడుక్కుని వచ్చేస్తారు. నీకు మాత్రం చీర అంచు రంగులోనే ఒక శాలువా ఇక్కడి నుంచే తెప్పించుకో. మీ అమ్మగారికీ ఒకటి తెప్పించు, పీటల మీద ఆవిడ కూడా అంతసేపూ కూర్చోవాలి కదా.