కళ్లద్దాలు వైజాగ్‌లో చేయించుకోండి, కంటి పరీక్ష మాత్రం ఆపకండి

న్యూజెర్సీ వచ్చి రెండేళ్లయిన ఒక తమ్ముడు మొన్న అడిగాడు. "అన్నా, నాకు 42 నిండాయి. ఫోన్ చెయ్యి చాచి పట్టుకుంటే గానీ అక్షరాలు ఆనడం లేదు. ఇక్కడ కళ్లద్దాలు మండిపోతున్నాయి. సంక్రాంతికి వైజాగ్ వెళ్లినప్పుడు చూపించుకుంటాను, పర్వాలేదా?"

కళ్లద్దాల వరకైతే పర్వాలేదు. అది చత్వారం. 40 దాటాక కంట్లోని లెన్సు బిరుసెక్కుతుంది, దగ్గరి వస్తువుకు తగ్గట్టు సర్దుకోలేదు. ఎవరికైనా తప్పదు. నేను పెట్టుకున్న జోడు కూడా జగదాంబ జంక్షన్‌లో చేయించుకున్నదే.

నా భయం వేరు. చిన వాల్తేరులో మా నాన్నగారు ఎప్పుడూ కళ్లద్దాల షాపులోనే నంబరు చూపించుకునేవారు. నేను ఇక్కణ్ణుంచి "కళ్లెలా ఉన్నాయి నాన్నా?" అంటే "పేపరు చదువుతున్నాగా" అనేవారు. ఓసారి సెలవులకు వెళ్లి ఆయనతో బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే, పక్కనుంచి వచ్చే సైకిల్ని ఆయన చూసుకోలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు. హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాను. నీటికాసులు, అంటే గ్లకోమా. పక్కచూపు చాలావరకు అప్పటికే పోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఎదురుగా ఉన్న అక్షరం చక్కగా కనిపిస్తూనే ఉంది. కంటి నరం దెబ్బతిని పోయిన చూపు మళ్లీ రాదు. చుక్కల మందు మిగిలినదాన్ని కాపాడుతుందంతే. పేపరు చదువుతున్నారన్న మాటతో అన్నేళ్లు సరిపెట్టుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

అమ్మకో నాన్నకో, తోబుట్టువులకో ఇది ఉంటే మనకు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే సంక్రాంతి దాకా ఆగొద్దన్నాను. నంబరు చూస్తే సరిపోదు. కంటిపాపలు పెద్దవయ్యే చుక్కలు వేసి కంటి వెనక నరం, రెటీనా అనే లోపలి పొర చూడాలి, కంటి లోపలి ప్రెషర్ కొలవాలి. షుగర్ ఉంటే ఏటా తప్పనిసరి, చూపు బాగానే ఉన్నా సరే. ఆ చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, వెలుతురు భరించలేం. కారు నడిపేవాళ్లను వెంట తీసుకెళ్లండి.

అమెరికాలో విజన్ ప్లాన్ వేరు, మెడికల్ ఇన్సూరెన్స్ వేరు. మామూలు పరీక్ష, అద్దాలు మొదటిదాంట్లోకి వస్తాయి. జబ్బు బయటపడితే సాధారణంగా రెండోదాంట్లోకి. ఆఫీసులో ఏటా ప్లాన్లు ఎంచుకునేటప్పుడు విజన్ గడి ఖాళీగా వదిలేయకండి. నంబరు పరీక్ష అయ్యాక ప్రిస్క్రిప్షన్ కాగితం చేతికివ్వాలని ఇక్కడ చట్టం ఉంది, దానికి విడిగా డబ్బు అడగకూడదు. ఆ కాగితం పట్టుకెళ్లి జోడు మన ఊళ్లోనే చేయించుకోండి.

ఒక్కదానికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం కూడా ఎదురుచూడొద్దు. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు, నల్లచుక్కల వాన, పక్కనుంచి తెర దిగినట్టు నీడ కనిపిస్తే రెటీనా ఊడుతుండొచ్చు. అదే రోజు వెళ్లాలి.

అమ్మానాన్నల్ని రప్పించుకునేవాళ్లు బయల్దేరే ముందే అక్కడ కళ్లు చూపించండి. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు సాధారణంగా పనికిరాదు. చుక్కల మందు వాడుతుంటే, ఇక్కడ ఉండే రోజులకు సరిపడా, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలో పెట్టించండి. ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు మన ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయేమో అడగండి. ఇక్కడి డాక్టరు కూడా అదే అడుగుతారు.